బస్తా కొనే ముందు వేరును అడుగుదాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో వ్యవసాయ, పెరటి తోటల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, అప్పుల రికవరీ లెక్కలు ఇంతకుముందే చదివారు. మేము చెప్పబోయేది కూడా ఒక రకంగా అప్పు లెక్కే. గ్రూపులో తీసుకున్న డబ్బులో ఎరువుల బస్తాలకు ఎంత పోయింది, అందులో పంట నోటికి చేరింది ఎంత, కాలవ పాలైంది ఎంత అనేది మనం ఏనాడూ మినిట్స్ పుస్తకంలో రాసుకోలేదు. ఈ ఏడు చేతులు కాలాక మేము ఆ లెక్క వేసి చూసుకున్నాం. మాకు జరిగింది దాచకుండా చెప్తాం. నవ్వుకున్నా ఫరవాలేదు, మీకు అలా జరక్కపోతే చాలు.

పోయిన ఖరీఫ్‌లో మేము అయిదుగురం కలిసి పద్మనాభం వైపు ఎకరంన్నర కౌలుకి తీసుకుని వరి వేశాం. నాట్లేసిన మూడు వారాలకి మడిలో అక్కడక్కడ మొక్కలు గిడసబారిపోయాయి. దుబ్బు కట్టలేదు. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు లేచాయి. గట్టు మీద పోతున్న ముసలాయన ఒకాయన చూసి, "ఏటమ్మా ఇది, మడికి పచ్చకామెర్లొచ్చినట్టున్నాయి" అన్నాడు. ఎరువుల కొట్టుకి వెళ్ళి అడిగితే, "తిండి చాల్లేదమ్మా, ఇంకో బస్తా డీఏపీ, దానికి తోడు యూరియా వెయ్యండి" అన్నారు. గ్రూపులో మళ్ళీ అప్పు రాయించుకుని వేశాం. వేసిన చోట పైరు తేరుకోలేదు సరికదా, ఇంకా పాలిపోయింది.

ఆఖరికి ఊళ్ళోని రైతు కేంద్రంలో అడిగితే వాళ్ళు వచ్చి ఆకు చూసి, "ఇది జింకు లోపంలా ఉంది, మట్టి పరీక్ష చేయించారా?" అని అడిగారు. చేయించలేదు. అప్పుడు చేయిస్తే వచ్చిన కాగితంలో భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ అని ఉంది. అంటే మా నేలలో ఏది నిండుగా ఉందో, దాన్నే మేము వడ్డీకి డబ్బు తెచ్చి మళ్ళీ పోశాం. ఏది లేదో, దాన్ని ఒక్క గింజంత కూడా వెయ్యలేదు. కౌలు కట్టి, వడ్డీ కట్టేసరికి మాకు మిగిలింది తిండిగింజలే. రెండు నెలల కిస్తీ మా గ్రూపుల్లో మిగిలిన సభ్యులు తమ చేతి డబ్బు వేసి కట్టారు. వాళ్ళకి ఈ సభలో దణ్ణం పెట్టుకుంటున్నాం.

అప్పుడు మాకు పట్టుదల వచ్చింది. అసలు మొక్క ఎలా తింటుంది? మనం పోసింది ఎందుకు తినలేదు? చదువుకున్న పిల్లల్ని, వ్యవసాయ సిబ్బందిని అడిగి తెలుసుకున్నాం. తెలిసింది మన మాటల్లోనే చెప్తాం.

ముందుగా ఒక సంగతి. మొక్క ఒంట్లో ఎక్కువ భాగం మట్టి నుంచి రాదు. ఎండిన మొక్కను తూకం వేస్తే నూటికి తొంభై పాళ్ళకు పైగా గాలి నుంచి, నీళ్ళ నుంచి వచ్చిందే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకు తీసుకుని, ఎండ బలంతో, నీళ్ళతో కలిపి చక్కెర వండుకుంటుంది. మిగిలిన కొద్ది పాళ్ళే ఖనిజాలు. కొద్దివే కదా అని తీసిపారెయ్యడానికి లేదు, పప్పులో ఉప్పు లాంటివి అవి. మొక్కకు తప్పనిసరిగా కావలసిన మూలకాలు 17. అందులో మూడు గాలీ నీళ్ళూ ఇస్తాయి. మిగిలిన 14 వేరు ద్వారానే రావాలి. ఎక్కువగా కావలసినవి నత్రజని, భాస్వరం, పొటాష్. తర్వాత కాల్షియం, మెగ్నీషియం, గంధకం. చిటికెడంత చాలేవి ఇనుము, జింకు, మాంగనీసు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్.

ఒక్కోదానికి ఒక్కో పని. ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితం నడిబొడ్డున మెగ్నీషియం ఉంటుంది. నత్రజని లేకపోతే మాంసకృత్తులు లేవు, గింజలో పుష్టి లేదు. మొక్క లోపల బలాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించేది భాస్వరం. ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరుచుకోవడానికీ, మూసుకోవడానికీ పొటాష్ కావాలి. అది చాలినంత ఉంటే మొక్క ఎండకు కొంత తట్టుకుంటుంది.

ఇక తినడం సంగతి. వేరుకి పళ్ళు లేవు. నీళ్ళలో కరిగినదాన్నే అది తీసుకోగలదు. ఇది విశాఖ వాళ్ళం మనకి చూపించి చెప్పనక్కర్లేదు. 1933లో మన పోర్టు మొదలైంది. మన ఇళ్ళల్లో మగవాళ్ళు ఎంతోమంది అక్కడ కళాసీలుగా చేశారు. ఓడల్లో రాతి ఫాస్ఫేటు వస్తుంది, అది భాస్వరం ఉన్న రాయి. పొటాష్ కూడా ఓడలోనే రావాలి, మన దేశం దాదాపు మొత్తం బయటి నుంచి తెచ్చుకునేదే. ఆ ఫాస్ఫేటు రాయిని అలాగే పొడిచేసి మడిలో వేస్తే నీళ్ళలో తొందరగా కరగదు, పైరు కళ్ళముందు ఉన్నా తినలేదు. అందుకే 1967 నుంచి మన శ్రీహరిపురం దగ్గర కోరమాండల్ ఫ్యాక్టరీలో ఆ రాయిని ఆమ్లంతో కరిగించి, అమ్మోనియా కలిపి గుళికలు చేస్తున్నారు. అంత పెద్ద ఫ్యాక్టరీ, అన్ని గొట్టాలు, అంత ఖర్చు దేనికంటే, రాయిని వేరు తాగగలిగే రూపంలోకి తేవడానికి.

ఆ పనే వేరు కూడా చిన్నగా చేస్తుంది. వేరు తన చుట్టూ కాస్త పులుపు చిమ్మి మట్టిలో గట్టిగా పట్టుకున్న ఖనిజాన్ని కరిగించుకుంటుంది. తను వండుకున్న చక్కెరలో కొంత బయటికి వదిలి మట్టిలోని సూక్ష్మజీవులకు పెడుతుంది. అవి తిని ఊరుకోవు, తిరిగి మొక్కకు సాయం చేస్తాయి. కొన్ని రకాల బూజులు వేరుకి అంటుకుని సన్నటి దారాల్లా దూరం పాకి, వేరు అందుకోలేని భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. పెసర, మినుము, ఉలవ, జనుము వేళ్ళకి చిన్న చిన్న బుడిపెలు చూసే ఉంటారు. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. మన పెద్దవాళ్ళు వరి కోతకు ముందు మినుములు చల్లింది ఊరికే కాదు.

వేరు చివర్లో నూగులాంటి వెంట్రుకలు ఉంటాయి. తాగేది ఎక్కువగా అవే. మనం నారు పీకేటప్పుడు మట్టి దులిపేస్తే తెగిపోయేవీ అవే. ఆ గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది. నీళ్ళలో ఉన్నదల్లా లోపలికి పోదు. చాలా ఖనిజాలను వేరు బలం ఖర్చుపెట్టి లోపలికి లాక్కోవాలి. ఆ బలానికి ఆకు పంపే చక్కెర కావాలి, మట్టిలో గాలి కావాలి. అందుకే వానకి వంగ మడిలోనో మిరప మడిలోనో నాలుగు రోజులు నీళ్ళు నిలిచిపోతే మొక్క పసుపెక్కుతుంది. మట్టిలో తిండి ఉన్నా వేరుకి ఊపిరి లేదు. అప్పుడు యూరియా వెయ్యడం అంటే ఆయాసపడుతున్న మనిషి నోట్లో ముద్ద కుక్కినట్టే. ముందు నీళ్ళు తియ్యాలి. వరి సంగతి వేరు, దాని ఒంట్లో ఆకు నుంచి వేరుదాకా గాలి దిగే దారులున్నాయి. ఆ తెలివి వంగకీ టమాటాకీ లేదు.

నేల మన బియ్యం డబ్బా లాంటిది. డబ్బా పెద్దదైతే ఒకేసారి నింపుకోవచ్చు, చిన్నదైతే కొంచెం కొంచెం తెచ్చుకోవాలి. బంకమన్ను, కుళ్ళిన ఆకులు, పేడ ఉన్న నేల ఖనిజాలను పట్టి ఉంచుకుని, అడిగినప్పుడు వేరుకి ఇస్తుంది. మన చుట్టుపక్కల ఎర్రనేలలు, తీరం వెంబడి ఇసుక నేలలు చాలాచోట్ల చిన్న డబ్బాలు. యూరియా వేశాక కొద్ది రోజుల్లోనే కొంత నైట్రేటుగా మారుతుంది. దాన్ని మట్టి పట్టి ఉంచలేదు. పెద్ద వాన పడితే అది వేరుకి అందని లోతుకి జారిపోతుంది, మనమిచ్చే కిస్తీ మాత్రం జారిపోదు. అందుకే యూరియా ఒక్కసారే కుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా వెయ్యమంటారు. భాస్వరం దీనికి పూర్తిగా వేరు. అది వేసిన చోటు నుంచి ఎక్కువ కదలదు. అందుకే దాన్ని దుక్కిలో వేరు దగ్గర పడేలా వెయ్యాలి. మిగిలినది నేలలోనే ఏళ్ళ తరబడి పోగుపడుతుంది. మా మడిలో జరిగింది అదే. ముందు కౌలు చేసినవాళ్ళు ఏటేటా డీఏపీ వేస్తూ వచ్చారు. ఆ మీద మేమూ వేశాం.

ఇప్పుడు జింకు సంగతి చెప్తే మీకు మన గ్రూపే గుర్తొస్తుంది. గ్రూపులో పదిమంది ఉన్నాం. తొమ్మిదిమంది పొదుపు సరిగ్గా కట్టారు. ఒక్కరు కట్టలేదు. బ్యాంకు ఏం చూస్తుంది? ఆ ఒక్క బాకీనే చూస్తుంది, గ్రేడు పడిపోతుంది. మిగిలిన తొమ్మిదిమందిలో ఒకరు రెట్టింపు కట్టినా ఆమె బాకీ తీరదు. పైరు కూడా అంతే. అన్నిటికన్నా తక్కువపడిన పోషకం ఏదో, దిగుబడి దాని దగ్గరే ఆగిపోతుంది. ఈ సూత్రాన్ని జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ పందొమ్మిదో శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చాడు. మనం మాత్రం గ్రూపు మీటింగుల్లో ఎప్పటి నుంచో అనుభవిస్తున్నాం. జింకు విషయంలో ఇంకో చిక్కు ఉంది. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్క జింకు తీసుకోవడం తగ్గుతుంది. అంటే మేము వేసిన డీఏపీ సాయం చెయ్యకపోవడమే కాదు, అసలు లోపాన్ని ఇంకా పెంచింది.

వరిలో జింకు తగ్గితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, అయిదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చెయ్యమని సలహా. మేము చేశాం. కొత్తాకు పచ్చగా వచ్చింది. కానీ అప్పటికే దుబ్బు కట్టే అదను దాటిపోయింది. లోపమున్న మడికి దుక్కిలో ఎకరాకు 20 కిలోలు వేసుకుంటే మూడు పంటల దాకా చూసుకోనక్కర్లేదంటారు. ఒక్క జాగ్రత్త, జింకు సల్ఫేటును భాస్వరం ఎరువుతో కలిపి వెయ్యకూడదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కరగకుండా పోతాయి.

ఆకు చూసి కొంత పోల్చుకోవచ్చు. కొన్ని ఖనిజాలను మొక్క ముసలాకు నుంచి తీసి లేతాకుకి పంపగలదు. తల్లి తన కంచంలోది తీసి పిల్లకి పెట్టినట్టు. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం అలాంటివి. అందుకే వాటి లోపం ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. కాల్షియం, బోరాన్, ఇనుము అలా కదలవు, గంధకం కూడా అంత తేలిగ్గా కదలదు. వాటి లోపం లేతాకుల్లో, చిగుళ్ళలో ముందు కనిపిస్తుంది. కింద పసుపా, పైన పసుపా అని చూసుకుంటే సగం సంగతి తెలుస్తుంది. మిగిలిన సగం మట్టి పరీక్షే చెప్పాలి. ఎందుకంటే నీళ్ళు ఎక్కువైనా, పురుగు పట్టినా ఆకు పసుపెక్కుతుంది.

గాజువాక, పెదగంట్యాడ వైపు మేడ మీద కుండీల్లో కూరలు పెంచే మన సభ్యులు ఒక ప్రశ్న వేశారు. టమాటా కాయ అడుగు నల్లగా కుళ్ళిపోతోంది, గుడ్డు పెంకులు వేస్తున్నా తగ్గడం లేదు, ఎందుకని. అది కాయకి కాల్షియం అందక వచ్చేది. కాల్షియం నీళ్ళతో పాటే పైకి ఎక్కుతుంది. ఆకుకి చేరినది మళ్ళీ కాయకి దిగదు. ఒకరోజు కుండీ ఎండగట్టి, మర్నాడు బిందెడు పోస్తే మట్టిలో కాల్షియం ఉన్నా కాయకి అందదు. గుడ్డు పెంకు కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ పంటకి అక్కరకి రాదు. రోజూ సమంగా నీళ్ళు పొయ్యండి, కుండీ మీద ఎండుటాకులు కప్పండి. డబ్బు ఖర్చు లేని మందు అదే.

ఇక పేడ మంచిదా, బస్తా మంచిదా అని ప్రతి మీటింగులో వచ్చే వాదన. వేరుకి ఆ తేడా తెలియదు. పేడ నుంచి వచ్చినా, బస్తా నుంచి వచ్చినా నత్రజని చివరికి ఒకే రూపంలో కరిగి లోపలికి పోతుంది. మన స్టీల్‌ప్లాంటులో బొగ్గును కోక్‌గా కాల్చేటప్పుడు వచ్చే అమ్మోనియాను పట్టి అమ్మోనియం సల్ఫేటు చేస్తారు, 'పుష్కల' పేరుతో అమ్ముతారు. అందులో నత్రజని నూటికి 20 పాళ్ళు, గంధకం 23 పాళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ పొయ్యిలోంచి వచ్చిందని వేరు వద్దనదు. తేడా వేరులో లేదు, నేలలో ఉంది. బస్తా నేలకి తిండి తెస్తుంది గానీ డబ్బాని పెద్దది చెయ్యదు. పేడ, కంపోస్టు, పచ్చిరొట్ట డబ్బాని పెద్దది చేస్తాయి, గాలి ఆడనిస్తాయి, సూక్ష్మజీవులకు తిండి పెడతాయి.

అలాగని లెక్క మరచిపోకూడదు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. టన్ను పశువుల ఎరువులో ఉండేది సుమారు 5 కిలోలు. అంటే ఒక్క బస్తాకి నాలుగు టన్నులు. అదీ మొదటి పంటకే మొత్తం అందదు. జీవామృతం కూడా అంతే. 200 లీటర్ల నీళ్ళలో వేసే 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి పైరు మొత్తానికి కడుపు నింపవు. అవి సూక్ష్మజీవులను పెంచే తోడు లాంటివి. తోడు వేస్తే సరిపోదు, పాలు కూడా ఉండాలి కదా. ఆ పాలే ఆకుల కప్పు, పచ్చిరొట్ట, ఘన జీవామృతం, పప్పుజాతి పంట. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ ప్రకృతి సేద్యాన్ని మన లాంటి మహిళా సంఘాల ద్వారానే ఊళ్ళకి తీసుకెళ్తోంది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మారాలనుకునేవాళ్ళు ఒక్కసారిగా అప్పుచేసి మొత్తం పొలం మార్చకండి. ఒక మూలతో మొదలుపెట్టి నేల తేరుకునే కొద్దీ పెంచుకోండి.

ఇప్పుడు మా ఉపసంఘం మీ ముందు పెట్టే విన్నపాలు మూడు.

మొదటిది, ఎరువుల కోసం గ్రూపులో అప్పు అడిగే ప్రతి సభ్యురాలూ మట్టి పరీక్ష కాగితం చూపించాలి. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైంది, అందులో 12 అంశాలు పరీక్షిస్తారు. మట్టి తీసే పద్ధతి కష్టమేమీ కాదు. గట్ల దగ్గర, చెట్ల నీడన, పేడ కుప్పలు పోసిన చోట తియ్యొద్దు. పొలమంతా వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల జానెడుకు కాస్త తక్కువ లోతున ఇంగ్లీషు 'వి' అక్షరంలా గుంట తీసి, పక్క నుంచి పలచగా మట్టి గియ్యాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగిలినవి పారబోస్తూ, అరకిలో మిగిలేదాకా చెయ్యాలి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో వేసి పేరు, సర్వే నంబరు రాసిన చీటీ పెట్టాలి. ఎరువుల సంచిలో మాత్రం పెట్టకండి, లెక్క తప్పుతుంది.

రెండోది, బస్తా మీది అంకెలు చదవడం ప్రతి గ్రూపులో కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. 14-35-14 అని ఉంటే నూరు కిలోలకి నత్రజని 14, భాస్వరం 35, పొటాష్ 14 అని. 50 కిలోల బస్తాలో అందులో సగం. డీఏపీ అంటే 18-46, పొటాష్ లేదు. మా నేలకి అక్కర్లేని భాస్వరం మేము బస్తాకి 23 కిలోల చొప్పున కొన్నామని ఈ అంకెలు చదివాకే తెలిసింది.

మూడోది, ఏ నెలలో ఏ ఎరువు ఎంత వేశాం, ఆకు ఎలా ఉంది, వాన ఎప్పుడు పడింది అని మినిట్స్ పుస్తకం చివర్లో రెండు పేజీలు రాసుకుందాం. వచ్చే ఏడు ఇదే సభలో ఆ పేజీలు చదువుకుందాం.

మేము ఈ ఏడు మళ్ళీ అదే మడి కౌలుకి తీసుకున్నాం. డీఏపీ మానేశాం. జీలుగ చల్లి దున్నాం. దుక్కిలో జింకు వేశాం. ఇప్పటికి దుబ్బు బాగానే కట్టింది. పంట ఇంటికొచ్చాకే మాట్లాడతాం, ముందే గొప్పలు చెప్పుకోం. మా కిస్తీ కట్టిన ఆ సభ్యుల బాకీ మాత్రం ఈ పంటతోనే తీర్చాలని తీర్మానం రాసుకున్నాం.